శనివారంనాటి చేప పొలుసులు

శ్రీనివాసరాజు టాటా సుమో నాకన్నా ముందే చెరువుగట్టు మీద ఆగి ఉంది. అది చూడగానే నాకు కడుపు మండింది.

నేను రాజమండ్రిలో బస్సెక్కి, భీమవరంలో ఆటో మాట్లాడుకుని, ఆ ఆటో అబ్బాయి బురదకి భయపడి మధ్యలో దించేస్తే మిగతా దూరం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చాను. అతను మాత్రం ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో బండికి ఆనుకుని సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అప్పటికి ఆ వస్తువు బాగా డబ్బున్నవాళ్ళ చేతుల్లోనే ఉండేది. ఇద్దరిదీ ఒకటే వృత్తి. నేను, సత్యకుమారిని, పెళ్ళి సంబంధం ఖాయమయ్యే ముందు పెళ్ళికొడుకు ఎలాంటివాడో ఆరా తీసిపెట్టే డిటెక్టివ్‌ని. అతను పోలీసు ఉద్యోగం వదిలి కాకినాడలో ఏజెన్సీ పెట్టిన మాజీ ఇన్‌స్పెక్టర్. పోయిన నెలలో జిల్లా పేపర్లో అతని ఫోటో వేశారు. నేను ఆ పేపరు చింపలేదు గానీ, కింద పరిచి దానిమీద వంకాయలు తరిగాను.

"రండి రండి సత్యకుమారిగారూ! ఇక్కడ పెళ్ళికొడుకులెవరూ లేరే, ఇలా వచ్చారేంటి?" అన్నాడు ఫోన్ జేబులో వేసుకుంటూ.

"పెళ్ళికొడుకుల్ని చూసీ చూసీ అబద్ధం చెప్పే మొహాలు గుర్తుపట్టడం అలవాటైందండి. అందుకే పిలిచారు."

పిలిచింది ఇంద్రజ. రాజమండ్రి కాలేజీలో జువాలజీ లెక్చరర్. గోదావరి పాయల వెంబడి వేటాడి బతికే పక్షులు, అంటే గద్దలూ డేగలూ, ఏమైపోతున్నాయో ఆవిడ పరిశోధన. బెంగుళూరులో ఒక ట్రస్టు ఏడాదిపాటు గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బుతో పక్షుల వీపుకి కట్టే చిన్న రేడియో ట్యాగులు, వాటి సంకేతం పట్టే రిసీవరు కొన్నారు. పక్షుల రెక్కలు తెగకుండా రొయ్యల చెరువుల మీద నైలాన్ తీగలు తీసేయించి, వాటి బదులు వలలు కప్పించారు. ఈ చెరువుల యజమాని త్రినాథరాజుగారు తన గట్టు మీదే ఆవిడకి మంచె కట్టించి ఇచ్చారు. గ్రాంటు ఇంకో మూడేళ్ళు పొడిగించాలా వద్దా తేల్చడానికి ట్రస్టు మేడం ఈ సాయంత్రమే వస్తోంది. ట్యాగు కట్టిన నాలుగింటిలో రెండు గద్దలు విషం తిని చచ్చిపోయాయి. ఇంకొక్కటి చచ్చినా గ్రాంటు పోయినట్టే. గ్రాంటుతోపాటు ఇంద్రజ పరువు కూడా పోతుంది, ఎందుకంటే శ్రీనివాసరాజు చెబుతున్నది ఇదీ:

"మీ క్లయింటే చంపిందండి. పక్షులు హాయిగా ఉంటే ఏ ట్రస్టు డబ్బిస్తుంది? ప్రమాదం ఎంత పెద్దగా కనిపిస్తే గ్రాంటు అంత పెద్దదవుతుంది. ఏ గద్ద ఎక్కడ వాలిందో చెప్పే యంత్రం ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంది. రొయ్యల రైతుల సంఘం తరఫున రిపోర్టు తయారు చేశాను. సాయంత్రం మేడం చేతికి ఇస్తాను. ఆ తర్వాత ఫారెస్టువాళ్ళూ, కోర్టువాళ్ళూ చూసుకుంటారు."

బాధేంటంటే, ఆ మాటలో పస ఉంది. అది నాకు ముందు తట్టనందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇంద్రజ మంచె నీడలో రొయ్యలు పంపే ఐసుపెట్టె పక్కన నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. "నా చేత్తో ట్యాగు కట్టానండి దీనికి. నేనెందుకు చంపుకుంటాను?" అంటూ మూత తీసింది.

లోపల గోధుమరంగు గద్ద. రెక్కలు ముడుచుకుని, వీపు మీద అగ్గిపెట్టెకన్నా చిన్న ట్యాగుతో పడుకుని ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ కవర్లో సగం తిన్న చేప. అరచెయ్యంత శీలావతి పిల్ల. నిన్న ఆ గద్ద కాళ్ళ దగ్గర దొరికిందట. ఇందులోనే పురుగుల మందు ఉందని పశువుల డాక్టరు తేల్చాడు.

నేను కవర్లోంచే ఆ చేపని అటూ ఇటూ తిప్పి చూశాను. పొలుసు ఎక్కడా మిగలకుండా గీకారు. మొప్పలు తీసేశారు. రెక్కలు, తోక అంచు కత్తిపీట మీద కోసినట్టు నున్నగా ఉన్నాయి. పొట్ట చీల్చి శుభ్రం చేశారు. చీలిక లోపలంతా పచ్చగా ఉంది.

"ఆ పసుపు మందు రంగండి," అన్నాడు శ్రీనివాసరాజు నా భుజం మీంచి తొంగిచూస్తూ.

"మందు రంగు కాదు, పసుపే. ఉప్పూ పసుపూ వేసి రుద్ది కడిగిన చేప ఇది. గద్దకి పడేసే చేపకి ఇంత సేవ ఎవరు చేస్తారండీ?"

"ఇంద్రజగారు కూడా ఆడమనిషే కదా. చేప బాగు చెయ్యడం రాదా?"

"మేం చేప తినమండి," అంది ఇంద్రజ. "నేను పక్షులకి వేస్తే పచ్చి చేప అలాగే వేస్తాను. దాన్ని ఎక్కడినుంచి కొయ్యాలో కూడా నాకు తెలీదు."

"తెలీదని చెప్పడం తేలికే," అని అతను నవ్వాడు. చెరువు కాపలావాళ్ళు కూడా నవ్వారు. అతను ఏమన్నా నవ్వుతారు, అది ఆ తెల్లచొక్కా మహిమ. నేను మాత్రం ఆ చేపనే చూస్తున్నాను. కాపలావాడు మందు పెడితే చేప నోట్లో పోసి పారేస్తాడు. లెక్చరరు పెడితే సూదితో ఎక్కిస్తుంది. ఇది వంటింట్లో ఆరితేరిన చెయ్యి. ఇంటి పులుసుకీ హత్యకీ ఒకే వరసలో చేపలు బాగు చేసింది, అలవాటు కొద్దీ దీనికి కూడా పసుపు పట్టించింది.

కానీ ఎవరు? ఎందుకు?

అనుమానించడానికి తగిన మనిషి అక్కడే ఉన్నాడు. రామకృష్ణ, ఇంద్రజ డిపార్టుమెంటులోనే లెక్చరర్. అదే ట్రస్టుకి అతను కూడా దరఖాస్తు పెట్టాడు. పొలాల్లో ఎలకల్ని తినే గుడ్లగూబల మీద. అది తోసేసి ఇంద్రజది తీసుకున్నారు. ఇవాళ సాయం చేసే నెపంతో వచ్చి, మంచె మెట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు.

"మీకు ఇంద్రజగారంటే కుళ్ళటగా?" అన్నాను ఉపోద్ఘాతం లేకుండా.

"అవునండి," అన్నాడు అంతే సూటిగా. "రోజూ స్టాఫ్‌రూంలో ఆ గ్రాంటు మాట వింటుంటే నాకు అన్నం సయించేది కాదు. నా గుడ్లగూబలేం పాపం చేశాయి? రైతుకి గింజ దక్కేలా చేసేది అవే. కానీ గుడ్లగూబ ఫోటో చూస్తే దాతలకి చెయ్యి రాదట. గద్దయితే క్యాలెండరు మీద బాగుంటుందట."

నాకు ఆ మనిషి వెంటనే నచ్చాడు. ఇంత చక్కగా కుళ్ళుకునేవాణ్ణి చూసి చాలా రోజులైంది.

"మరి గ్రాంటు పోగొట్టాలని అనిపించలేదా?"

"అనిపించిందండి. కానీ నేనే చేస్తే ఇలా చెయ్యను." చెరువు మధ్యలో వెదురుగడ మీద వాలిన పెద్ద పక్షిని చూపించాడు. ఇటిక రంగు రెక్కలు, తెల్లటి తల, తెల్లటి రొమ్ము. గరుడ పక్షి. దాని వీపు మీద కూడా ట్యాగు మెరుస్తోంది. "ముందు దాన్ని చంపుతాను. అదొక్కటి పోతే మిగిలిన పిల్లకి తిండి పెట్టే దిక్కుండదు. ప్రాజెక్టు అక్కడితో సరి."

"ఆగండాగండి. అది గరుడ పక్షి. చచ్చినవి మామూలు గద్దలు. వాటికి ఇది తిండి పెట్టడమేంటి?"

రామకృష్ణ నావైపు జాలిగా చూశాడు. ఇంద్రజ దగ్గరికొచ్చింది.

"మామూలు గద్దలు కావండి. గరుడ పక్షి పిల్లలు. ఈకలు మారి తెల్ల తల రావడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా ఇలా గోధుమరంగులోనే ఉంటాయి. చచ్చినవి రెండూ ఆ తల్లి పిల్లలే. మూడోది అదిగో, మోటారుషెడ్డు వెనక కొబ్బరిమట్ట మీద."

నలభై ఏళ్ళొచ్చాయి నాకు. ఆకాశంలో గరుత్మంతుడు కనిపిస్తే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంటూ పెరిగినదాన్ని. గోధుమరంగుది కనిపిస్తే ఇన్నాళ్ళూ కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని రాయి విసిరాను. ఐసుపెట్టె వైపు తిరిగి గబగబా లెంపలు వేసుకున్నాను. శ్రీనివాసరాజు పగలబడి నవ్వాడు.

"నవ్వండి," అన్నాను. "మీ రిపోర్టు ఇప్పుడే చిరిగిపోయింది. ఆ యంత్రం చేతిలో ఉన్నవాళ్ళకి నాలుగు పక్షులూ ఒకటే. తెల్లతలది రోజూ అదే గడ మీద వాలుతుంది, అన్నిటికన్నా సులువుగా దొరుకుతుంది. అయినా దాన్ని ముట్టుకోలేదు, గోధుమరంగువే చంపారు. అంటే చంపినవాళ్ళకి గరుడ పక్షి మీద చెయ్యెత్తడానికి మనసొప్పదు. ఇవి దాని పిల్లలని తెలీదు. ఇంద్రజగారికి తెలుసు. రామకృష్ణగారికి తెలుసు. ఇద్దరూ కాదు."

అతని నవ్వు ఆగింది. మొహంలో ఏదో కదిలి సర్దుకుంది. నేను పెళ్ళికొడుకుల మొహాల్లో చూసే కదలిక అది. అతనికి ఏదో తెలుసు.

"ఇవి పిల్లలని ఇక్కడ ఇంకెవరికి చెప్పారు?" అని ఇంద్రజని అడిగాను.

"త్రినాథరాజుగారికి మొదట్లోనే చెప్పానండి. ఇంట్లో కూడా చెప్పే ఉంటారు."

ఆ మాటకే వచ్చినట్టు త్రినాథరాజుగారు గట్టు దిగి వచ్చారు. అరవై దాటిన మనిషి, మెడలో బైనాక్యులర్స్. నన్ను చూసి మర్యాదగా నమస్కారం పెట్టారు గానీ కళ్ళు గడ మీది పక్షి మీదే ఉన్నాయి. "మేడంగారూ, పొద్దున్న తల్లి పాముని పట్టింది చూశారా? పిల్లకి ఎలా చీల్చి పెట్టిందో!" అంటూ ఇంద్రజతో చిన్నపిల్లాడిలా చేతులు తిప్పుతూ చెబుతున్నారు. ఇంద్రజ అంత ఏడుపులోనూ నవ్వింది. ఆయనా నవ్వారు. చెరువుల పక్కనే ఉన్న వాళ్ళ మేడ కిటికీలో ఒక కర్టెన్ కదిలింది. నేను చూశాను. శ్రీనివాసరాజు కూడా చూశాడు, చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు.

"ముందు భోజనాలండి," అన్నారు రాజుగారు. "మా ఇంటికొచ్చి తినకుండా వెళ్ళకూడదు."

మగవాళ్ళకి హాల్లో వడ్డించారు. ఇంద్రజ పక్షిని వదిలి రానంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు బయటి మగవాళ్ళ ముందుకి రారు కాబట్టి నన్ను లోపలికి తీసుకెళ్ళారు. శ్రీనివాసరాజుకి సుమో ఉంది, సెల్‌ఫోను ఉంది, పేపర్లో ఫోటో ఉంది. కానీ తెలియనివాళ్ళ వంటింట్లోకి పోవాలంటే నేనే పోవాలి. ఆ రోజు మొదటిసారి నాకు కాస్త హాయిగా అనిపించింది.

రాజుగారి భార్య బంగారమ్మగారు తలారా స్నానం చేసి, నొసట నామంలా కుంకుమ దిద్దుకుని ఉన్నారు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, మజ్జిగపులుసు. వడ్డించే తీరు చూస్తేనే తెలుస్తోంది ఎంత ఆరితేరిన చెయ్యో.

"మీరూ కూర్చోండి," అన్నాను.

"శనివారం కదమ్మా. స్వామి మా ఇంటిమీద తిరుగుతూ గరుడ దర్శనం ఇచ్చాకే నేను ముద్ద నోట్లో పెడతాను. ఇవాళ ఇంకా ఇటువైపు రాలేదు స్వామి."

"ఈ ఇంట్లో శనివారాలు నీచు వండరనుకుంటాను?"

"ఛ ఛ! గుమ్మం తొక్కనివ్వను. మిగతా రోజుల్లో చేప లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. అదీ నేనే బాగు చెయ్యాలి. ఇంకోళ్ళ చెయ్యి పడితే ఒక్క ముక్క తినరు." ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహం వెలిగింది. పాపం, ఆ పెద్ద మేడలో ఆవిడకి మిగిలిన అధికారం అదొక్కటే అని నాకనిపించింది.

చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళాను. బావిగట్టుకి ఆనించి కత్తిపీట ఉంది. ఇంకా తడారలేదు. పీట కొయ్య సందులో నాలుగైదు పొలుసులు అంటుకుని ఎండకి మెరుస్తున్నాయి. పక్కనే రాయి మీద పసుపు మరక.

శనివారం. నీచు గుమ్మం తొక్కని ఇల్లు. తడి పొలుసులు.

ఇది నిన్నటి చేప కాదు. ఇవాళ్టిది. పెరటి తలుపు తీస్తే ఎదురుగా మోటారుషెడ్డు, దాని వెనకే ఆ మూడో పిల్ల కూర్చున్న కొబ్బరిచెట్టు.

వెనక్కి తిరిగేసరికి బంగారమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో నాకోసం తెచ్చిన స్టీలు పళ్ళెం, అందులో తమలపాకులు.

"స్నానానికి ముందే బాగు చేసేశారు కదండీ?" అన్నాను కత్తిపీట చూపించి. "ఎక్కడ పెట్టారు?"

"ఏంటమ్మా ఆ మాటలు?"

"మందు పెట్టిన చేప. షెడ్డు రేకుల మీదేనా?"

ఆవిడ బుకాయించలేదు. పళ్ళెం గట్టిగా పట్టుకుని నన్ను తేరిపార చూశారు. ఆ చూపు నాకు తెలియనిది కాదు. పొద్దున్న సుమోని చూసినప్పుడు నా కళ్ళు కూడా అలాగే ఉండి ఉంటాయి.

"ఏం, గద్దలేగా!" అన్నారు. "ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. ఆయన నాతో ఎప్పుడైనా అలా చేతులు తిప్పుతూ కబుర్లు చెప్పారా? అన్నం పెట్టు, నీళ్ళివ్వు, ఇంతే. ఆవిడ రాగానే నవ్వులు వచ్చాయి. ఆవిడకి మంచె, ఆవిడకి కాఫీ ఫ్లాస్కు. నేను మేడమీద కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. గ్రాంటు వస్తే ఇంకో మూడేళ్ళట. మా స్థలంలోనే ఆవిడకి ఆఫీసు కట్టిస్తారట. నేను బతికుండాలా వద్దా?"

"వాళ్ళు పక్షుల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోవడం లేదండి."

"నాకు ఫోటోలు చూపించాడు. మంచె మీద ఇద్దరూ పక్కపక్కన. మా చిన్నాన్న కొడుకు శ్రీను ఉన్నాడే, వాడే తీయించాడు. పక్షులు పోతే గ్రాంటు పోతుందక్కా, గ్రాంటు పోతే ఆవిడ పోతుంది అన్నాడు. అంతవరకే వాడు చెప్పాడు. మిగతాది నేనే చూసుకున్నాను."

శ్రీనివాసరాజు! సంఘం దగ్గర ఫీజు, అక్క దగ్గర ఫీజు. అక్కకి నిప్పు రాజేసి, ఆ మంటకి కాలిపోయిన పక్షుల్ని ఇంద్రజ మెడకి కడుతున్నాడు. ఇంకో పూట అయితే ఆ తెలివికి కూడా కుళ్ళుకునేదాన్నేమో. ఇప్పుడు టైము లేదు.

"బంగారమ్మగారూ, మీరు తెల్లతలదాన్ని ఎందుకు వదిలేశారు?"

"అదేంటమ్మా!" ఆవిడ నిజంగానే అదిరిపోయారు. "గరుత్మంతుడికి మందు పెడతానా? స్వామి కాలవ అవతలికి వెళ్ళాక, ఆ గోధుమరంగు గద్ద ఒక్కటే ఉన్నప్పుడే పెట్టేదాన్ని."

"అవి గద్దలు కావండి. ఆ స్వామి పిల్లలు. పెద్దయ్యాక వాటికీ తెల్ల తల వస్తుంది."

"అబద్ధం."

"రాజుగారికి ఏడాది కిందటే తెలుసు. మీకు చెప్పలేదా?"

ఆవిడ హాలు వైపు తిరిగి చూశారు. ఆయన చెప్పలేదు. ఆయన ఆవిడకి ఏదీ చెప్పలేదు. భోజనం చేస్తూ ఒక్కసారి, ఆ గోధుమరంగువి గరుడ పక్షి పిల్లలే అని నోటిమాటగా అని ఉంటే చాలు. ఆ రెండూ చచ్చేవి కావు.

"రెండు..." అన్నారు బంగారమ్మగారు. "నా చేతుల్తో రెండు..."

అప్పుడే నెత్తిమీద సన్నటి కూత వినిపించింది. పిల్ల కాదు, తల్లి. చెరువు మీంచి వచ్చి షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. బంగారమ్మగారి చేతుల్లోంచి పళ్ళెం జారింది. ముప్పై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, కళ్ళు మూసుకున్నాయి. శనివారం దర్శనం.

కళ్ళు తెరిచేసరికి గరుడ పక్షి రేకుల మీంచి లేస్తోంది. గోళ్ళ మధ్య అరచెయ్యంత చేప, పొలుసు తీసి పసుపు పట్టించినది. కొబ్బరిమట్ట మీద పిల్ల నోరు తెరిచి అరుస్తోంది.

నేను అరిచేలోపే బంగారమ్మగారు వంగి పళ్ళెం అందుకున్నారు. బావిగట్టు మీది చెంబుతో దాన్ని బాదుతూ, పెరటి తలుపు తోసుకుని, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా గట్టు మీదికి పరిగెత్తారు. అన్నం చేతులతోనే హాల్లోంచి మగవాళ్ళంతా బయటికి వచ్చారు. త్రినాథరాజుగారు, రామకృష్ణ, అందరికన్నా వెనక శ్రీనివాసరాజు. మంచె మీంచి ఇంద్రజ దూకింది.

"ఏమండీ! తిననివ్వకండి! ఆ చేప నేనే పెట్టానండీ! మందు పెట్టింది నేనేనండీ!"

పళ్ళెం చప్పుడుకి పక్షి బెదిరింది. కొబ్బరిచెట్టు దాటి, చెరువు దాటి, కాలవ వైపు తిరిగింది. ఆకలితో పిల్ల దాని వెనకాలే ఎగిరింది. చేప ఇంకా తల్లి గోళ్ళలోనే ఉంది.